ఒహాయో స్టేట్, మిషిగన్ బలాబలాలు ఎలా తూచాలి?

అన్నలూ, అక్కలూ, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఉన్న కొలంబస్‌కి చదువుకోవడానికి వచ్చి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చిలో పడ్డాను. ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. 2024 నవంబరులో మా ఒహాయో స్టేట్ సొంత మైదానంలోనే మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది, వరుసగా నాలుగోసారి. అదే జట్టు జనవరిలో నోటర్ డామ్‌ని 34-23తో కొట్టి జాతీయ ఛాంపియన్ అయింది!

జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా లాంటి రిసీవర్లు (విసిరిన బంతిని పట్టే ఆటగాళ్లు) ఉండి కూడా ఆరోజు బంతిని మాటిమాటికీ మధ్యలోంచే పరిగెత్తించారు. అక్కడ మిషిగన్ డిఫెన్స్ లైన్‌లో (ఎదుటి జట్టును అడ్డుకునే ముందు వరుసలో) మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ గోడలా నిలబడ్డారు. 26 సార్లు పరిగెత్తి 77 గజాలే! ఇది కోచ్‌ల మొండితనమా, మిషిగన్ లైన్ బలమా? మా రూమ్మేట్ మిషిగన్ పక్షం, 'ముందు లైన్లు చూడరా, రిసీవర్లు తర్వాత' అంటాడు. నాకది మింగుడుపడట్లేదు. జట్లను పోల్చేటప్పుడు మీరు మొదట ఏం చూస్తారు?