ఆగమన కాలంలో సెమీ క్రిస్మస్ తగునా?

పాలకొల్లు నుంచి (ప్రశ్న):
డిసెంబరు మొదలయ్యేసరికి మా ప్రాంతంలో సెమీ క్రిస్మస్ కూటాలు వరుసగా జరుగుతున్నాయి. పాటలు, కేకు, ప్రేమవిందు అన్నీ ముందే ముగిసి, 25వ తేదీ నాటికి పండుగ పాతబడిపోతున్నది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాల ఆగమన కాలం ఆత్మీయ సిద్ధపాటు కోసమని బోధించే సంఘాలే ఇలా చేయడం సరైనదేనా? పెద్దలు తెలుపగలరు.

నరసాపురం నుంచి:
నేను బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ సహవాసంలో పెరిగినవాణ్ణి. 1836లో భారతదేశానికి వచ్చి ఈ గోదావరి డెల్టాలో స్థిరపడిన ఇంగ్లండు మిషనరీలు బౌడెన్, బీర్ కుటుంబాల సేవతో మొదలైన మా సంఘాలలో ప్రతి ఆదివారం రొట్టె విరవడమే (ప్రభురాత్రి భోజనం) గాని, ఆగమన కాలమనే ఆచరణ లేదు. దినాలను, మాసాలను ఆచరించడం గూర్చి పౌలు గలతీయులను హెచ్చరించాడు (4:10). 4 వారాలు సిద్ధపడే విశ్వాసికి మిగిలిన ఏడాది మాటేమిటి?

అమలాపురం నుంచి:
సోదరుని మాటలో బలముంది. అయితే అదే పౌలు రోమీయులకు వ్రాస్తూ, దినమును లక్ష్యపెట్టువాడు ప్రభువు కోసమే లక్ష్యపెడుతున్నాడని ఒప్పుకొన్నాడు (14:6). రక్షణకు షరతుగా దినాలను విధించడం వేరు, మరచిపోయే మనసుకు గుర్తుచేయడానికి సంఘం ఒక కాలాన్ని కేటాయించుకోవడం వేరు.

అసలు చిక్కు మరొకచోట ఉందని నా నమ్మకం. ఆగమన కాలమంటే బేత్లెహేము శిశువు కోసం ఎదురుచూడడమేనని మనలో చాలామంది అనుకుంటున్నారు. నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆ కాలపు మొదటి ఆదివారపు సువార్త పాఠం పశువుల తొట్టిని గూర్చినది కాదు. ప్రభువు మరల వచ్చే గడియ తెలియదు గనుక మెలకువగా ఉండమని చెప్పేది. కతోలిక ఆరాధన క్రమంలో డిసెంబరు 16 వరకు ఈ రెండవ రాకడ ధ్యానమే ముందుంటుంది. 17 నుంచే దృష్టి జననం వైపు మళ్లుతుంది. గురువులు ఊదా వస్త్రాలు ధరించడం, ఆదివారపు పూజలో మహిమ గీతం పాడకపోవడం ఈ కాలపు గాంభీర్యానికి గుర్తులు.

ఈ సిద్ధపాటు చేతలలో ఎలా ఉంటుందో లూకా 3వ అధ్యాయం చెబుతుంది. మేమేమి చేయాలని జనులు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను ఉపవాసం మాట ఎత్తలేదు. రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలన్నాడు, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దని సుంకరులకు (పన్ను వసూలుదారులకు) చెప్పాడు, జీతంతో తృప్తిపడమని సైనికులను ఆదేశించాడు. మన డెల్టాలో ఇవి సార్వా (ఖరీఫ్) కోతలు, నూర్పిళ్లు సాగే వారాలు. కూలి బాకీపెట్టిన రైతు, పంట మునిగినా కౌలు పూర్తిగా రాబట్టుకొన్న ఆసామి, తరుగు పేరిట ధాన్యం కోసుకొన్న వ్యాపారి మన గుడులలోనే కూర్చుంటున్నారు. నక్షత్రం కట్టేముందు ఆ లెక్కలు సరిచేసుకోవాలని ఏ కూటంలో వింటున్నాం? నా అభ్యంతరం కేకు మీద కాదు. పశ్చాత్తాపానికి ఉన్న వారాలను విందులు ఆక్రమించడం మీద. జనవరి 6న వచ్చే ప్రభువు ప్రత్యక్షత పండుగ దాకా క్రిస్మస్ సంతోషానికి చోటుంది గనుక, ఆ కూటాలను 25 తరువాతకు మార్చుకోవచ్చు.

రాజోలు నుంచి:
మార్చమనడం తేలికే. మా వైపు గల్ఫ్ నుంచి వచ్చినవారు సెలవు కాగానే వెళ్లిపోతారు. హిందూ, ముస్లిం పొరుగువారితో సహా ఊరంతా కలిసి కూర్చునేది ఆ ఒక్క సాయంత్రమే. దానిని ఆపడం న్యాయమా?

అమలాపురం నుంచి:
అటువంటి చోట ఆపమని నేను అనను. అయితే పొరుగువారు వచ్చే ఆ రోజే యోహాను మాటలు చదవడం మరీ అవసరం, ఎందుకంటే మనం చెల్లించవలసిన కూలి బాకీలు వారిలో కొందరివే. మా సంఘంలో ఈ ఏడు జరిగే కూటానికి లూకా 3వ అధ్యాయాన్నే పాఠంగా తీసుకోవాలని కమిటీ ముందు ప్రతిపాదిస్తున్నాను.