‘ది రైట్ స్టఫ్’ చూసినవాళ్లు: గ్రిస్సమ్ నిజంగా కంగారుపడ్డాడా?

గోదారిగట్టు:
మొన్న ఆదివారం మావాడితో (తొమ్మిదో తరగతి) కలిసి ఈ సినిమా చూశాను. 1983 నాటిది, మూడు గంటల పైనే. అమెరికా మొదట ఎంచుకున్న ఏడుగురు వ్యోమగాముల కథ. అప్పట్నుంచీ మావాడు ఒకటే ప్రశ్న. అంతరిక్షం నుంచి వచ్చి సముద్రంలో దిగాక, ఆ ఏడుగురిలో ఒకడైన గ్రిస్సమ్ భయపడి నౌక తలుపు తనే పేల్చేశాడా, దానంతటదే పేలిందా? సినిమాలో మాత్రం ఆయనే చేశాడేమో అనిపిస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరీలు:
మా హాస్టల్లో సీడీ వేస్తే గంటలో సగం మంది లేచిపోయారు, ‘రాకెట్ ఎక్కడ్రా’ అంటూ. నాకేమో టెస్ట్ పైలట్ యేగర్ ఉన్న ఆ మొదటి గంటే ఇష్టం. ఎగరడానికి రెండు రోజుల ముందు గుర్రం మీంచి పడి పక్కటెముకలు విరిగాయి. కుడిచేత్తో విమానం తలుపు గడియ వేయలేడు. స్నేహితుడు రిడ్లీ చీపురుకర్ర కోసి ఇస్తే దాంతో మూసుకుని, 1947 అక్టోబర్ 14న ధ్వని వేగాన్ని దాటేశాడు. సినిమా బిల్డప్ అనుకున్నా, తీరా చూస్తే నిజంగా జరిగిందే! డిగ్రీ లేదని ఆయన్ని వ్యోమగాముల ఎంపికకే పరిగణించలేదు. సినిమాలో బార్‌లో మందు పోసే ముసలాయన అసలు యేగరే, గమనించారా?

చందమామ_వైజాగ్:
మా ఇంట్లో అందరూ పడీపడీ నవ్వింది, అంతరిక్షానికి వెళ్లిన తొలి అమెరికన్ షెపర్డ్ సీనుకి. 1961 మే 5. వెళ్లొచ్చేది పావుగంట ప్రయాణం కదా, మూత్రానికి ఏర్పాటు ఎందుకులే అనుకున్నారు. తీరా ప్రయోగం గంటలకొద్దీ వాయిదా పడింది. చివరికి సూట్‌లోనే కానివ్వమన్నారు. మా నాన్నగారైతే ‘పెళ్లి బస్సులో నా పరిస్థితి ఇదే’ అన్నారు.

స్పానర్:
గోదారిగట్టు గారూ, మీ అబ్బాయి ప్రశ్నకి వస్తా. నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేశాను, అందుకే ఈ విషయం కాస్త ఎక్కువే చదివాను. ఆ తలుపుకి 70 బోల్టులు, మందుగుండుతో ఒక్కసారిగా తెగిపోతాయి. లోపల్నుంచి పేల్చాలంటే ఒక మీటని గట్టిగా గుద్దాలి. అది తిరిగి చేతికి ఎదురుదెబ్బ కొడుతుంది. 1962లో షిర్రా అనే మరో వ్యోమగామి తన నౌక ఓడ మీదకి చేరాక కావాలనే అలా పేల్చి, చెయ్యి కమిలిపోవడం అందరికీ చూపించాడు. గ్రిస్సమ్ చేతికి చిన్న గాటు కూడా లేదు. ఎందుకు పేలిందో కచ్చితంగా తేలలేదు గానీ, ఆయన భయపడ్డాడనడానికి ఆధారమైతే లేదు. ఆ పిరికి ముద్ర వేసినందుకు ఈ సినిమా మీద నాకు ఇప్పటికీ కోపమే.

సెకండ్‌షో:
స్పానర్ అన్నా, సినిమా ఎక్కడా తేల్చి చెప్పలేదు కదా. ‘అదే పేలింది’ అని ఆయన చేత అనిపించారు.

స్పానర్:
అనిపించారు తమ్ముడూ, కానీ దానికి ముందు ఆ ఆయాసం, ఆ చూపులు ఎందుకు పెట్టినట్టు? సినిమాలో గ్రిస్సమ్ నాణేలు సూట్‌లో కుక్కుకోవడం మాత్రం నిజం. తెరిచి ఉన్న గొట్టంలోంచి నీళ్లు జొరబడి మనిషి మునిగిపోబోయాడు. 1967 జనవరిలో నేల మీద పరీక్ష జరుగుతుండగా అపోలో 1 నౌకలో లేచిన మంటల్లో ఆయనతోపాటు మరో ఇద్దరు పోయారు. ఆ నౌక తలుపు లోపలికి తెరుచుకునే రకం, లోపలి ఒత్తిడికి కదల్లేదు. ఒకసారి తలుపు తెరుచుకుని నింద మోశాడు, ఇంకోసారి తెరుచుకోక ప్రాణమే పోయింది.

చందమామ_వైజాగ్:
అయ్యో, ఈ సంగతి తెలియదు. మరి భూమి చుట్టూ తిరిగిన వ్యోమగామి గ్లెన్ సీన్లో ఆస్ట్రేలియా ఆదివాసుల మంట నుంచి నిప్పురవ్వలు లేచి ఆకాశానికి వెళ్తాయే?

పాతరీలు:
అది దర్శకుడి కవిత్వం అండీ. గ్లెన్ కిటికీలోంచి చూసిన మిణుగురుల్లాంటి మెరుపులు నౌక మీద గడ్డకట్టిన మంచు రేణువులు. తర్వాత వెళ్లిన కార్పెంటర్ అనే వ్యోమగామి లోపల్నుంచి గోడ కొడితే మళ్లీ రాలాయి.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. మావాడికి మొత్తం చదివి వినిపించా. స్పానర్ గారి పక్షానికి వెళ్లిపోయాడు. ఇప్పుడు కొత్త ప్రశ్న: ఆ నాణేలు ఏమయ్యాయి?

స్పానర్:
తలుపు పేలాక మునిగిపోయిన గ్రిస్సమ్ నౌకని 1999లో అట్లాంటిక్ అడుగునుంచి పైకి తీశారు. కొన్ని నాణేలు అందులోనే ఉన్నాయి. తలుపు మాత్రం దొరకలేదు.