వర్జీనియా 10వ డిస్ట్రిక్ట్ (నియోజకవర్గం) ఎన్నిక: ఓటు లేనివాళ్ళకు ఇందులో ఏం పని?

2024 మే 6, అష్‌బర్న్ నుంచి

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద అష్‌బర్న్ వచ్చాను. మా అపార్ట్‌మెంట్ దగ్గర రోడ్డు మలుపులో ఎన్నికల బోర్డులే బోర్డులు, ఎన్ని పేర్లో లెక్క తెలియడం లేదు. కాంగ్రెస్‌కు, అంటే ఇక్కడి పార్లమెంటుకు, ఓపెన్ సీటు అంటున్నారు. ఓపెన్ అంటే రిజర్వేషన్ లేని సీటు అనుకున్నాను, అది కాదట. వచ్చే శనివారం ఒకరింట్లో అభ్యర్థితో పరిచయం పెట్టారు. తలకు 100 డాలర్లు, రమ్మని ఆఫీసులో సీనియర్ అడుగుతున్నారు. నిన్న కిరాణా షాపు బయట ఒకాయన ఓటరు నమోదు ఫారం చేతిలో పెట్టాడు. నింపకుండా ఇంటికి తెచ్చుకున్నాను. నాలాంటివాడికి ఇందులో పనేమైనా ఉందా? ఏం చేస్తే వీసాకు ఇబ్బంది? కొంచెం టెన్షన్‌గా ఉంది.

2024 మే 6, బ్రాంబుల్‌టన్ నుంచి

తమ్ముడూ, ఆ ఫారం నింపకపోవడం చాలా మంచి పని. దాన్ని చింపి పారెయ్యి.

ఓపెన్ సీటు అంటే ఇప్పుడున్న సభ్యురాలు మళ్ళీ పోటీ చేయడం లేదని, అంతే. మన సభ్యురాలు జెన్నిఫర్ వెక్స్‌టన్. దాదాపు 38 ఏళ్ళు రిపబ్లికన్ల చేతిలో ఉన్న సీటును 2018లో బార్బరా కామ్‌స్టాక్ మీద గెలిచారు. సిటిజన్‌షిప్ వచ్చాక కాంగ్రెస్‌కు నేను వేసిన మొదటి ఓటు ఆ ఎన్నికలోనే. పోయిన సెప్టెంబరులో ఆమె తనకు ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ అనే నయం కాని మెదడు జబ్బు ఉందని, ఇక పోటీ చేయనని చెప్పారు. ఆ రోజు నాకు సొంత మనిషి గురించి విన్నట్టే అనిపించింది. ఇది ఉప ఎన్నిక కాదు. వచ్చే జనవరి 3 దాకా ఆమే మన సభ్యురాలు.

సిటింగ్ సభ్యులు నిలబడితే సొంత పార్టీలో ఎదురు వచ్చేవాళ్ళు తక్కువ. సీటు ఖాళీ అవుతోందంటే ఎన్నాళ్ళుగానో చూస్తున్నవాళ్ళంతా దిగుతారు. ఇప్పుడు డెమోక్రాట్లలో 12 మంది, రిపబ్లికన్లలో నలుగురు ఉన్నారు. ఆ నలుగురిలో ఒకరు మంగా అనంతాత్ముల, ఇంటిపేరు చూస్తేనే మనవాళ్ళని తెలుస్తుంది. డెమోక్రాట్లలో రాష్ట్ర సెనేటర్ సుహాస్ సుబ్రమణ్యం ఉన్నారు. ఆయనకు వెక్స్‌టన్ మద్దతు ఉంది. మన దగ్గరైతే బీ ఫారం ఎవరికివ్వాలో పార్టీ పెద్దలు తేలుస్తారు. ఇక్కడ ఆ పని జూన్ 18 ప్రైమరీలో ఓటర్లు చేస్తారు. వర్జీనియాలో ఓటరు ఫలానా పార్టీ అని నమోదు ఉండదు. బూత్‌లో రెండు బ్యాలెట్లలో ఏదో ఒకటి అడిగి తీసుకుంటారు. సగం ఓట్లు రావాలనే నియమం కూడా లేదు. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్ళకే టికెట్. 12 మంది పంచుకునే చోట కొద్ది ఓట్లే తేల్చేస్తాయి.

ఇక ఆ 100 డాలర్లు. ఇవ్వకు. గ్రీన్‌కార్డు గానీ సిటిజన్‌షిప్ గానీ లేనివాళ్ళు ఏ ఎన్నికకూ, ఏ అభ్యర్థికీ విరాళం ఇవ్వకూడదు. ఇంట్లో పెట్టిన పరిచయ కార్యక్రమమైనా ఆ డబ్బు విరాళమే. ప్రచారం వాళ్ళు అమ్మే టీషర్ట్ కొన్నా విరాళం కిందే లెక్క. "నీ పేరు వద్దులే, నాకు నగదు ఇవ్వు, నా కార్డు మీద కడతాను" అని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోకు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరుతో ఇవ్వడం నేరం, ఇద్దరికీ చిక్కే. మీ సీనియర్‌కు సూటిగా చెప్పు: "అన్నా, నేను హెచ్‌1బీ, చట్టం ఒప్పుకోదు." ఇందులో మొహమాటం పెట్టుకోకు.

నీకు చేతనైన పని మాత్రం ఉంది. డబ్బు తీసుకోకుండా ప్రచారంలో పని చేయవచ్చు: తలుపులు తట్టవచ్చు, ఫోన్లు చేయవచ్చు, తెలుగు పెద్దవాళ్ళకు పోలింగ్ ఎక్కడో చెప్పవచ్చు. రోజుకూలీ లాంటిది ఏదిచ్చినా తీసుకోకు, అది అనుమతి లేని ఉద్యోగమవుతుంది. ప్రచారం డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి, ఏ ఎత్తు వేయాలి అనే నిర్ణయాల్లో కూర్చోకు. మామూలు వాలంటీరుగా ఉండు.

అన్నిటికంటే ముఖ్యమైంది, వెళ్ళి అడుగు. డబ్బు లేకుండా పెట్టే సభలు లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో చాలా జరుగుతాయి. నాకు ఓటు రావడానికి 14 ఏళ్ళు పట్టింది. ఆ 14 ఏళ్ళూ నాకేం పని అని ఇంట్లోనే కూర్చున్నాను. దానికి ఇప్పటికీ బాధపడతాను. జనాభా లెక్కల్లో సిటిజన్లనే కాదు, ఇక్కడ ఉండే అందరినీ లెక్కపెడతారు. 2020 లెక్కల తర్వాత వర్జీనియాలో డిస్ట్రిక్ట్‌కు సుమారు 7 లక్షల 84 వేల మంది చొప్పున గీశారు. అందులో వీసా మీద ఉన్న మనవాళ్ళూ ఉన్నారు. మనల్ని కూడా కలిపి లెక్కేస్తేనే ఈ సీటు ఈ సైజులో ఉంది.

ఏం అడగాలో తెలుసుకొని వెళ్ళు. గ్రీనవే టోల్ గురించి చాలామంది అడుగుతారు. అది ప్రైవేటు రోడ్డు, టోల్ సంగతి తేలేది రాష్ట్రం దగ్గర. కాంగ్రెస్ చేతిలో ఉన్నది గ్రీన్‌కార్డు. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. మన క్యూ అంత పొడవుగా ఉండటానికి కారణం అదే. ఆ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌లో 365కి 65 ఓట్లతో పాస్ అయింది. 2020 చివర్లో పై సభ సెనేట్ వేరే రూపంలో ఒకటి పాస్ చేసింది. రెండూ కలవక అంతటితో ఆగిపోయింది. "మీరు గెలిస్తే ఆ బిల్లు మీద మీ ఓటు ఎటు? తల్లిదండ్రుల హెచ్‌1బీని బట్టి ఇచ్చే హెచ్‌4 వీసా మీద వచ్చి, 21 ఏళ్ళు నిండి అది పోగొట్టుకుంటున్న పిల్లల సంగతేంటి?" అని అడుగు. ఈ ప్రశ్న అడగడానికి ఓటు అక్కర్లేదు.

2024 మే 7, స్టెర్లింగ్ నుంచి

అక్క చెప్పిందంతా నిజం. ఒక్కటి కలుపుతాను బ్రదర్. డ్రైవింగ్ లైసెన్స్ కోసం డీఎంవీకి (ఇక్కడి ఆర్టీఓ ఆఫీసు లాంటిది) వెళ్తే స్క్రీన్ మీద సిటిజనా అని అడుగుతుంది. తొందరలో అవును అని నొక్కకు. నా పాత రూమ్మేట్ ఒకడు, ఏ ఊళ్ళోనో చెప్పను, షాపు బయట ఇలాంటి ఫారం మీదే చదవకుండా సంతకం పెట్టాడు. ఓటు ఎప్పుడూ వేయలేదు. పదేళ్ళ తర్వాత సిటిజన్‌షిప్ దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదు చేసుకున్నారా" అనే ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. వకీలు ఖర్చు, రెండేళ్ళు నిద్ర లేదు. సిటిజన్ కాకుండా సిటిజన్ అని చెప్పడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో అన్నిటికంటే గట్టిగా పట్టుకునే తప్పుల్లో ఒకటి. ఎవరైనా ఇప్పటికే పొరపాటు చేసి ఉంటే, దాచకుండా, ఏ దరఖాస్తూ పంపకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి.

ఇంకో మాట. మన ఊళ్ళ పార్టీలు, కులాల సంఘాల లెక్కలు ఈ ఎన్నికకు తగిలించకండి. అభ్యర్థి మన సభకు వస్తే శాలువా కప్పి ఫొటో దిగి పంపేస్తున్నాం. ప్రశ్న అడిగేవాళ్ళు ఇద్దరే. అది మారాలి.

2024 జూన్ 19, బ్రాంబుల్‌టన్ నుంచి

ఫలితం వచ్చింది. డెమోక్రాట్లలో సుబ్రమణ్యం, సుమారు 30 శాతంతో. రెండో స్థానంలో డాన్ హెల్మర్. ఇద్దరి మధ్య తేడా రెండు వేల ఓట్ల లోపే. రిపబ్లికన్లలో మైక్ క్లాన్సీ గెలిచారు. దాదాపు ఎనిమిది లక్షల మంది ఉన్న చోట రెండు వేలు! మన కాలనీల్లో ఓటు ఉండి కూడా వెళ్ళని ఇళ్ళు గుర్తొచ్చి మనసు పాడైంది. తమ్ముడూ, నువ్వు రెండు శనివారాలు వచ్చి తలుపులు తట్టావు. నవంబరుకు కూడా రా.

2024 డిసెంబరు 10, అష్‌బర్న్ నుంచి

అక్కా, నవంబరులో సుబ్రమణ్యం 52 శాతంతో గెలిచాక ఒక సందేహం. నా భార్య వీసా ఫైలు నెలల తరబడి కదలక, మీరు చెప్పినట్టే అక్టోబరులో మన సభ్యురాలి ఆఫీసుకు రాశాం. మా ఫైలు సంగతి కనుక్కోవడానికి వాళ్ళకు అనుమతిచ్చే ప్రైవసీ ఫారం మీద సంతకం కూడా పెట్టాం. ఇప్పుడు ఆ ఆఫీసు మూసేస్తారు కదా, మా ఫైలు ఏమవుతుంది?

2024 డిసెంబరు 10, బ్రాంబుల్‌టన్ నుంచి

ఈ వారమే వాళ్ళకు ఫోన్ చెయ్యి. కొత్త సభ్యుడి ఆఫీసుకు ఫైలు పంపడానికి నా అనుమతి ఉంది, ఎలా ఇవ్వాలి అని అడుగు. మనం ఒప్పుకోకుండా అది దానంతట అది వెళ్ళదు. అన్ని కాగితాలూ, ఇప్పటిదాకా వచ్చిన జవాబులూ నీ దగ్గర ఒక కాపీ పెట్టుకో. జనవరి 3 తర్వాత కొత్త ఆఫీసు తెరవగానే కొత్త ప్రైవసీ ఫారం నింపి ఇచ్చెయ్యి. మొదటి వారాల్లో వాళ్ళకు రద్దీ ఉంటుంది, వారానికోసారి గుర్తు చెయ్యి. ఓటు ఉందా అని అక్కడ ఎవరూ అడగరు. ఈ డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నావు, అది చాలు.

సుబ్రమణ్యం వెళ్ళిపోవడంతో రాష్ట్ర సెనేట్‌లో ఆయన సీటు ఖాళీ అయింది. దానికి జనవరి 7న ఉప ఎన్నిక. పండగ సెలవుల్లో ఎవరికీ గుర్తుండదు. శనివారం పది గంటలకు మా ఇంటి దగ్గర కలుస్తున్నాం. చలి ఎక్కువగా ఉంది, గ్లోవ్స్ తెచ్చుకో.