కొత్త కూనలు వచ్చాక పెద్ద పిల్లి అల్మారా దిగడం లేదు

మా పిల్లికి 11 ఏళ్లు, ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. 19 రోజుల క్రితం పది వారాల కూనలు రెండింటిని తెచ్చాం. మొదట వాటిని వేరే గదిలోనే ఉంచాం. ఒకరి పక్కగుడ్డ ఇంకొకరి దగ్గర వేసి వాసన అలవాటు చేశాం. మూసిన తలుపుకి అటూ ఇటూ గిన్నెలు పెడితే పెద్దది బుస్సుమనకుండా తినేది. అంతా కుదిరిందనుకున్నాం.

12వ రోజు తలుపు తీశాం. పది నిమిషాలు కూడా కాలేదు, మగ కూన ఎగిరి దీని తోక పట్టుకుంది. ఇది గుర్రుమని పంజాతో ఒక్కటిచ్చింది. గోళ్లు బయటికి తీయలేదు, కూనకి దెబ్బేమీ తగల్లేదు. కానీ అప్పటి నుంచి పగలంతా అల్మారా పైనే. తిండి సగానికి తగ్గింది. రెండు రోజులుగా మంచం మీద మూత్రం పోస్తోంది, అదే నాకు ఎక్కువ టెన్షన్. డాక్టర్ మూత్ర పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ లేదన్నారు.

లిట్టర్ బాక్సులు (పిల్లులు మలమూత్రాలకి వాడే పెట్టెలు) నాలుగు, వేర్వేరు గదుల్లో ఉన్నాయి. ఫెరోమోన్ డిఫ్యూజర్ (పిల్లుల్ని శాంతపరచడానికి గదిలో పెట్టే పరికరం) రెండు వారాలుగా నడుస్తోంది. కూనల్ని బాగా ఆడించి, అలిసిపోయాకే రోజుకి రెండుసార్లు 5 నిమిషాలు కలుపుతున్నాం. అవి కదిలితే చాలు, ఇది బుస్సుమంటుంది.

ముసలి పిల్లి ఉన్న ఇంట్లోకి కూనల్ని తెచ్చినవాళ్లు చెప్పండి: ఈ 5 నిమిషాల కలయికలు కొనసాగించాలా, లేక మళ్లీ తలుపు మూసి మొదటి నుంచి మొదలుపెట్టాలా?