పాత డిష్ బాక్స్ ఇక పనికిరాదట, కొత్తదానికి 3,399 అడుగుతున్నారు. కట్టాలా?

కొర్లగుంట టైలర్ (తిరుపతి)

నమస్తే అండీ. మాది తిరుపతి, కొర్లగుంట. ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. ఆ గదిలోనే చెక్క స్టాండ్ మీద 21 అంగుళాల డబ్బా టీవీ, దాని నెత్తిన డిష్ బాక్స్. 2010లో కొన్నాం, మా చిన్నోడు పుట్టిన ఏడాది. డిష్, బాక్స్, ఫిట్టింగ్ అన్నీ కలిపి 1,990 రూపాయలు. రసీదు ఇప్పటికీ ఉంది, రేషన్ కార్డు జిరాక్సులు పెట్టే కవర్లో.

పోయిన నెల నుంచి మా ఆయన ఫోన్‌కి "మీ బాక్స్ పాత టెక్నాలజీది, అప్‌గ్రేడ్ చేసుకోండి" అని మెసేజ్‌లు వస్తున్నాయట. ఏదో ప్యాక్ అంటగట్టడానికి పంపుతున్నారని ఆయన పట్టించుకోలేదు. మొన్న శుక్రవారం మా అత్త ఎస్వీబీసీ పెట్టమంటే పెట్టాను. నల్ల తెర, మధ్యలో ఒక గడి, అందులో ఇంగ్లీషులో రెండు లైన్లు. పక్క ఛానళ్లు మామూలుగానే వస్తున్నాయి. ఇదీ, ఇంకో ఆరూ మాత్రం లేవు.

మా అత్తకి మోకాళ్లు పోయాయి. కొండ కింద ఇల్లు పెట్టుకుని కూడా మధ్యాహ్నం పన్నెండు గంటల కల్యాణోత్సవం టీవీలోనే చూసుకుంటుంది. ఆ టైముకి నేనూ మిషన్ ఆపి ఆమెకి అన్నం పెడతాను. ఇప్పుడు పన్నెండు కొట్టగానే రిమోట్ ఒళ్లో పెట్టుకుని నా వంక చూస్తోంది, నేనేదో దాచిపెట్టినట్టు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి లెక్క చెప్పింది. హెచ్‌డీ బాక్స్ 1,699, ఆరు నెలల ప్యాక్ తప్పనిసరి 1,450, మనిషి వచ్చి బిగించినందుకు 250. మొత్తం 3,399. నాకు పది లైనింగ్ బ్లౌజుల కుట్టుకూలి అది. "మా బాక్స్ బాగానే ఉంది కదమ్మా, చెడిపోలేదు కదా" అంటే "చెడిపోలేదు మేడమ్, సపోర్ట్ చేయదు" అంది. నాకు అర్థం కాలేదు. చెడిపోని వస్తువు ఎందుకు పనికిరాకుండా పోతుంది? నిజంగానే మార్చాలా, లేక అమ్ముకోవడానికి చెప్తున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

డిష్ మెకానిక్ (చిత్తూరు)

అక్కా, ముందు బాక్స్ తిరగేసి అడుగున స్టిక్కర్ చూడండి. ఎంపెగ్-2 అనో, డీవీబీ-ఎస్ అనో (రెండూ పాత సిగ్నల్ పద్ధతుల పేర్లే) ఉంటే ఆ అమ్మాయి చెప్పింది నిజమే. ఎంపెగ్-4 అని ఉంటే వేరే గొడవ, నాకు చెప్పండి.

ఎందుకు పనికిరాదో మీకు అర్థమయ్యేలా చెప్తా. శాటిలైట్‌లో సిగ్నల్ అందుకుని కిందికి పంపే భాగాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు, ఒక్కోటి ఒక్కో బీరువా అనుకోండి. పాత పద్ధతిలో ఒక బీరువాలో సెకనుకి దాదాపు 38 మెగాబిట్లు పడుతుంది. ఛానళ్లు చీరలు. ఎంపెగ్-2 చీరని పెద్ద మడత వేస్తుంది, ఎంపెగ్-4 అదే చీరని దాదాపు సగానికి మడుస్తుంది. అదే బీరువాలో రెట్టింపు చీరలు పడతాయి. డీవీబీ-ఎస్2 అని ఇంకోటి వచ్చింది, అది బీరువానే ఇంకో 30 శాతం సాగదీసినట్టు. మీ పాత బాక్స్‌కి ఆ కొత్త మడత విప్పడం రాదు. విప్పే పని లోపలి చిప్ చేస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో నేర్పించలేం. 2007 తర్వాత మొదలైన కొన్ని కంపెనీలు మొదటి రోజు నుంచే ఎంపెగ్-4 వాడాయి, వాళ్ల కస్టమర్లకి ఈ తిప్పలు రాలేదు. మీది అంతకు ముందు పద్ధతిలో మొదలైనట్టుంది.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మారాల్సింది బాక్స్ ఒక్కటే. మేడ మీద ఉన్న డిష్ మారదు, దాని ముక్కు దగ్గర ఉండే ఎల్ఎన్‌బీ మారదు, కేబుల్ మారదు. ఎవరైనా వచ్చి "సెట్ మొత్తం మార్చాలక్కా" అంటే గేటు చూపించండి.

---

స్మార్ట్ అన్న (తిరుపతి)

ఈ కాలంలో డబ్బా టీవీ ఏంటి మేడమ్, ఒక స్మార్ట్ టీవీ తీసేసుకోండి. ఎస్వీబీసీ యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది, డిష్ ఖర్చే ఉండదు.

---

కొర్లగుంట టైలర్ (తిరుపతి)

స్మార్ట్ అన్నా, 3,399కే ఇక్కడికొచ్చి అడుగుతుంటే మీరు పది వేలకి పైన చెప్తారా. యూట్యూబ్ నా ఫోన్‌లో పెట్టి చూపించాను. "ఇంత చిన్న స్వామా" అంది మా అత్త. పైగా సరిగ్గా స్వామికి తలంబ్రాలు పోసేటప్పుడు ఎవరో జాకెట్ ఎప్పుడిస్తావని ఫోన్ చేశారు.

మెకానిక్ తమ్ముడూ, బాక్స్ తిరగేశాను. అడుగున చిల్లుల్లో నా మిషన్ దారప్పోగులే పిడికెడు. స్టిక్కర్ సగం చిరిగింది. మిగిలిన సగంలో డీవీబీ-ఎస్ అని ఉంది, దాని పక్కన 2 అంకె లేదు. అంటే పాతదే.

మీ చీర మడత బాగా అర్థమైంది. అందుకే ఇంకా మండింది. చీరలు చిన్నగా మడుచుకున్నది వాళ్లు. బీరువా అద్దె మిగిలేది వాళ్లకి. మడత విప్పే ఖర్చు మాత్రం నాదా? దారం కంపెనీ వాళ్లు దారం మందం మార్చేసి, నీ మిషన్ పాతది, కొత్తది కొనుక్కో అంటే ఊరుకుంటామా? పోనీ ఇంకో కంపెనీ దాంట్లోకి పోదామంటే ఈ బాక్స్ అక్కడ పనిచేయదట కదా. నా డబ్బుతో కొన్న బాక్స్, రసీదు కూడా ఉంది, అయినా నాది కాదా?

---

పాకాల సుబ్బి

మీరు అడిగింది న్యాయమే అక్కా. కాగితం మీద బాక్స్ మీదే, కానీ దాని తాళం వాళ్ల దగ్గర ఉంది. కార్డు, ఎన్‌క్రిప్షన్ వాళ్లవి, వేరే కంపెనీ సిగ్నల్ అందులో తెరుచుకోదు. డీటీహెచ్ లైసెన్సులు మొదలైన 2001 నాటి నుంచే బాక్స్ వేరే కంపెనీకి కూడా పనికొచ్చేలా ఉండాలని నిబంధన ఉంది. అందుకోసం క్యామ్ అనే చిన్న మాడ్యూల్ పెట్టుకోవాలి, దాని ధరకి కొత్త బాక్సే వచ్చేది కాబట్టి ఎవరూ కొనలేదు. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ (ఫోన్, టీవీ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) మళ్లీ గట్టిగా సిఫార్సు చేసింది, దేశంలో అమ్మే ప్రతి బాక్సూ ఏ కంపెనీకైనా పనిచేయాలని. సిమ్ మార్చుకున్నట్టు డిష్ కంపెనీ మార్చుకోవచ్చని మేమూ సంబరపడ్డాం. మా ఇంట్లో ఇప్పటికీ రెండు కంపెనీల రెండు బాక్సులు అటక మీదే ఉన్నాయి.

ఇక పని జరిగే మాట. నాకు రెండేళ్ల క్రితం ఇదే జరిగింది, కంపెనీ పేరు వద్దులెండి. మొదటిసారి ఫోన్ ఎత్తేవాళ్ల దగ్గర ఉండేది అమ్మే రేటు. మీరు "నాకు బాక్స్ వద్దు, కనెక్షన్ తీసేయండి" అనండి. కాల్ వేరేవాళ్లకి వెళ్తుంది. వాళ్ల దగ్గర పాత కస్టమర్ పోకుండా ఆపే రేటు ఉంటుంది. హెచ్‌డీ అడగొద్దు, మీ డబ్బా టీవీకి హెచ్‌డీ వచ్చినా కనిపించదు. "ఎంపెగ్-4 ఎస్‌డీ బాక్స్ మార్పిడి" అని ఆ మాటతోనే అడగండి, ఎస్‌డీ అంటే హెచ్‌డీ కాని మామూలు బొమ్మ. కంప్లయింట్ నంబర్ తీసుకోకుండా ఫోన్ పెట్టకండి. వినకపోతే కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి రాయండి, వెబ్‌సైట్‌లో ఉంటుంది. తర్వాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ట్రాయ్‌కి నేరుగా రాయకండి, ఒక్కొక్కరి ఫిర్యాదులు వాళ్లు తీసుకోరు. మరీ పట్టుదల వస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు విషయానికి ఫీజు లేదు. కానీ 1,699 కోసం అక్కడిదాకా తిరిగితే మీ కుట్టుపని పోతుంది. 1915 అన్న మాట వినగానే మా వాళ్లయితే మెత్తబడ్డారు.

---

నగరి రిటైర్డ్ మాస్టారు

అమ్మా, దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ గురించి ఎవరూ చెప్పలేదేం? 2004 డిసెంబరులో మొదలైంది, నెలనెలా కట్టేది లేదు. మీరు చూసే ఎస్వీబీసీ కూడా ఉచిత ఛానలే, అయినా ప్రైవేటు డిష్‌లో నెట్‌వర్క్ ఫీజు తప్పదు. 2019లో కొత్త టారిఫ్ వచ్చినప్పుడు అది 130 రూపాయలు, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. నేను ఆ కోపంతోనే ఫ్రీ డిష్‌కి మారాను.

మారి నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. సంతలో చవగ్గా వస్తుందని బాక్స్ కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే పక్కింట్లో వచ్చే ఛానళ్లలో కొన్ని మాకు రావు. ఫ్రీ డిష్‌లోనూ ఈ రెండు రకాలు ఉన్నాయమ్మా, కొన్ని ఛానళ్లు ఎంపెగ్-2, కొన్ని ఎంపెగ్-4. నాకు అంటగట్టింది ఎంపెగ్-2 బాక్స్. లెక్కల మాస్టారునై ఉండి 2కీ 4కీ తేడా అడగకుండా కొన్నాను. మీరు అటు వెళ్తే మీకు కావాల్సిన ఛానళ్లు వస్తున్నాయో లేదో ముందు ఎవరింట్లోనైనా కళ్లతో చూసి కొనండి.

ఇంకో విషయం. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మా మేడ మీదకి నిప్పుగీతలా కనిపిస్తుంది. మన టీవీ బొమ్మ కూడా అక్కడి నుంచి వెళ్లిన దాంట్లోంచే వస్తుందని మనవడికి గొప్పగా చెప్పాను. వాడు వెతికి చెప్పాడు, ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15ని 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానా నుంచి పంపారట.

---

డిష్ మెకానిక్ (చిత్తూరు)

మాస్టారు చెప్పింది నిజం. ఫ్రీ డిష్‌కి మారితే డిష్ కూడా తిప్పాల్సి రావచ్చు. దాని శాటిలైట్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, మన తిరుపతి నుంచి చూస్తే సరిగ్గా ఆగ్నేయ మూల, బాగా పైకి. 83 డిగ్రీల శాటిలైట్‌వాళ్ల డిష్ అయితే దాదాపు దక్షిణం చూస్తుంది. ఆగ్నేయంలో కొబ్బరిచెట్టు ఉంటే ముందే చూసుకోండి.

అక్కా, మార్పిడి బాక్స్ వస్తే రెండు జాగ్రత్తలు. డబ్బా టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు కావాలి. కొన్ని కొత్త బాక్సులకి ఆ మూడు చిల్లులు ఉండవు, హెడ్‌ఫోన్ చిల్లు లాంటిది ఒకటే ఉంటుంది. దానికి వేరే కేబుల్ కావాలి, ముందే అడగండి. రెండోది, బిగించాక మెనూలో సిగ్నల్ క్వాలిటీ చూడండి. స్ట్రెంగ్త్ కాదు, క్వాలిటీ. కొత్త పద్ధతిలో సిగ్నల్ కొంచెం అటూ ఇటూ అయినా బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది. పాత బాక్స్ సర్దుకుపోయిన డిష్‌తో కొత్త బాక్స్ సర్దుకోదు.

---

కొర్లగుంట టైలర్ (తిరుపతి)

పన్నెండు రోజులైంది, ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

సుబ్బి తమ్ముడు చెప్పినట్టే "తీసేయండి" అన్నాను. నిజంగానే కాల్ మారింది. ఈసారి ఎత్తినాయన "పద్నాలుగేళ్ల కస్టమర్ మీరు" అని మర్యాదగా మొదలుపెట్టాడు. అన్నేళ్ల సంగతి మొదటి అమ్మాయికి కనిపించలేదు పాపం. ఎస్‌డీ మార్పిడి 500, బిగించినందుకు ఏమీ లేదు, ప్యాక్ నెలనెలా పాతదే అన్నాడు. ఉచితంగా ఇవ్వమని ఇంకా లాగాను. 1915 అన్నాను. 400 దగ్గర ఆగాడు. నాకూ మిషన్ మీద పెళ్లివాళ్ల పని ఉంది, సరే అనేశాను.

పిల్లాడొచ్చి బిగించాడు. మెకానిక్ తమ్ముడు భయపెట్టినట్టే బొమ్మ గళ్లు గళ్లు. స్వామి ముఖం నాలుగు ముక్కలు. మా అత్త చూడలేక కళ్లు మూసుకుంది. ఆ పిల్లాడు "ఎల్ఎన్‌బీ పోయిందక్కా, 350" అన్నాడు. పోలేదు, మేడ మీదకి పద అని నేనే వెంట ఎక్కాను. డిష్ చేయి వంగిపోయి ఉంది. కోతులు. మా వీధిలో డిష్‌లు వాటికి ఊయలలు. నేను ఒక చేత్తో చేయి ఎత్తి పట్టుకుంటే కింద నుంచి మా చిన్నోడు క్వాలిటీ అంకెలు అరిచాడు. నలభై, యాభై రెండు, అరవై ఎనిమిది, అమ్మా ఆగు ఆగు. అక్కడ బోల్టు బిగించాడు ఆ పిల్లాడు. 350 మాట మళ్లీ ఎత్తలేదు. పిన్నుల కేబుల్ 60 రూపాయలకి బజార్లో దొరికింది.

పోయేటప్పుడు పాత బాక్స్ సంచిలో వేసుకోబోయాడు, "ఎక్స్‌ఛేంజ్ కదా" అని. కవర్ తీసి 2010 రసీదు చూపించాను. వదిలేసి వెళ్లాడు.