ఉపగ్రహాలు ఉండగా సముద్రంలో కొలతలు ఇంకా అవసరమా?

భూరేఖ:
1972లో నేలను చిత్రీకరించే మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహం ఎగిరిననాటి నుంచి నేల మీది మార్పులు వరుసగా నమోదవుతున్నాయి. 2008లో ఆ చిత్రాలు ఉచితమయ్యాక, అడవి తరిగిపోవడాన్నీ నది దారి మార్చుకోవడాన్నీ ఎవరైనా కూర్చున్న చోటి నుంచే లెక్కగట్టగలుగుతున్నారు. ఇంత వసతి ఉండగా, పరిశోధక నౌకలకూ, సముద్రంలో తేలుతూ కొలతలు తీసే బోయ్‌లకూ పెట్టే ఖర్చును కొత్త ఉపగ్రహాలకు మళ్లించడమే మేలని నా అభిప్రాయం.

సాగరి:
నేల విషయంలో మీరు చెప్పినదానితో నాకు పెద్దగా విభేదం లేదు. దాన్ని సముద్రానికి వర్తింపజేయడమే సరికాదు. ఉపగ్రహం నీటిలోని క్లోరోఫిల్‌ను, అంటే అక్కడి సూక్ష్మ మొక్కల్లోని పచ్చని పదార్థాన్ని, నేరుగా కొలవదు, తన దాకా చేరిన కాంతిని మాత్రమే కొలుస్తుంది. ఆ కాంతిలో నూటికి తొంభై వంతుల దాకా గాలి వెదజల్లినదే కాబట్టి, మొత్తంలో ఒక్క శాతం పొరపాటు జరిగినా నీటి నుంచి వచ్చిన వాటాలో అది పది శాతం దాకా పెరుగుతుంది. ఈ పొరపాటును పట్టుకోవడానికే హవాయిలోని లనాయ్ దీవి దగ్గర మోబీ అనే బోయ్ 1997 నుంచి నీటిలోని కాంతిని అక్కడికక్కడే కొలుస్తోంది. సముద్రపు రంగును కొలిచే సీవిఫ్స్, మోడిస్ అనే ఉపగ్రహ సెన్సార్ల లెక్కలను సరిదిద్దింది ఆ కొలతలతోనే.

భూరేఖ:
మోబీ విలువను నేను కాదనను. అయితే సరిచూసుకోవడానికి అలాంటివి నాలుగైదు చాలవా? ఆర్గో పేరుతో నీటి ఉష్ణోగ్రతను కొలిచే వేల తేలియాడే పరికరాలను సముద్రంలో వదిలినా, ఒకదానికీ మరొకదానికీ మధ్య వందల కిలోమీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని నింపేది ఉపగ్రహమే కదా.

సాగరి:
పైపొర వరకే నింపుతుంది. పరారుణ కిరణాలతో తెలిసే ఉష్ణోగ్రత మిల్లీమీటరులో నూరో వంతు మందమైన నీటిపొరది. ఆర్గో పరికరాలు 2000 మీటర్ల లోతు దాకా దిగుతాయి. సముద్రం దాచుకునే వేడి ఉండేది ఆ లోతుల్లోనే. ఇక నాలుగైదు చాలవా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఫిలిప్పీన్స్‌లోని పినటుబో. 1991లో ఆ అగ్నిపర్వతం బద్దలై దాని నుంచి వెలువడిన సన్నని కణాలు ఆకాశమంతా పరుచుకున్నప్పుడు, ఉపగ్రహాలు సముద్రాన్ని ఉన్నదానికంటే చల్లగా చూపాయి. నౌకలూ బోయ్‌లూ చాలా చోట్ల ఉండబట్టే ఆ తేడా తెలిసింది.

భూరేఖ:
లోతు సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. ఇకపై ప్రతి కొత్త ఉపగ్రహం అంచనా వ్యయంలోనే, దాన్ని సరిచూసే బోయ్‌ల ఖర్చునూ మొదటి రోజు నుంచే చేర్చాలంటే నేను సమర్థిస్తాను. ఎన్ని ఉండాలన్నదానిపై మాత్రం మన వాదన ఇంకా మిగిలే ఉంది.