హెలీన్ బాధితులకు సాయం: పోగు చేసిన డబ్బు ఎవరికి పంపాలి?

క్యారీ_వాణి (అక్టోబర్ 4, 2024)
మా అపార్ట్‌మెంట్లలో ఇరవై కుటుంబాల వాళ్ళం కలిసి 1,850 డాలర్లు పోగు చేశాం. మా నార్త్ కరోలినా పడమటి కొండల్లో, ఆష్‌విల్, స్వానానోవా ఊళ్ళ వైపు హెలీన్ తుఫాను చేసిన నాశనం చూశాక ఊరికే కూర్చోబుద్ధి కావడం లేదు. దుప్పట్లు, బట్టలు, నీళ్ళ సీసాలు కొని రెండు కార్లలో మేమే తీసుకెళ్దామని నా ఆలోచన. డబ్బే పంపడం మంచిదని కొందరంటున్నారు. ఇంతకుముందు ఇచ్చినవాళ్ళు చెప్పండి, ఏది ఉపయోగపడింది?

షార్లెట్_రఘు (అక్టోబర్ 6)
వాణి గారూ, కార్లేసుకుని మాత్రం బయల్దేరకండి. పిజన్ నది పక్కన ఐ-40 హైవే కోసుకుపోయింది. పడమటి కౌంటీల్లో రోడ్లన్నీ మూసేసినట్టే అనుకోమని రవాణా శాఖవాళ్ళు చెప్పారు. మనం వెళ్తే ఆ సన్న దారుల్లో అంబులెన్సులకు అడ్డం.

నిన్న ఇక్కడ ఒకచోట సామాన్లు సర్దడానికి వెళ్ళాను. పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం దాకా నలుగురం పాత బట్టలే వేరు చేశాం. ఒక సంచి విప్పితే పెళ్ళి గౌను, జత లేని బూటు. అవతల ట్రక్కు డ్రైవర్ డైపర్లు, పాలపొడి, బ్యాటరీలు ఉన్నాయా అని అడుగుతున్నాడు. అవి సగం పెట్టె కూడా లేవు. ఇంటికొచ్చాక కూడా ఆ డ్రైవర్ ముఖమే గుర్తొచ్చింది.

విశాఖ_లలిత (అక్టోబర్ 6)
రఘు గారు చెప్పింది నిజం. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మేము వైజాగ్‌లోనే ఉన్నాం. మొదటి రెండు రోజులు పాల ప్యాకెట్లకు, నీళ్ళకు అల్లాడాం. ఆ తర్వాత కొవ్వొత్తులు, వారం తిరిగేసరికి పైకప్పు రేకులు. ఏ రోజు ఏం కావాలో అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళ చేతిలో డబ్బుంటే అది కొనుక్కుంటారు.

రాలీ_ట్యాక్స్ (అక్టోబర్ 7)
నేను ట్యాక్స్ పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేసి పంపితే రసీదు ఆ ఒక్కరి పేరునే వస్తుంది. ఎవరికి వారు నేరుగా కట్టండి. అప్పుడు మీ కంపెనీలో మ్యాచింగ్ (మీరిచ్చినంత కంపెనీ కూడా ఇవ్వడం) ఉంటే వంద ఇచ్చినవాళ్ళది రెండు వందలవుతుంది. ఒకేసారి 250 డాలర్లు, అంతకు మించి ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వకంగా ఉత్తరం తీసుకోవాలి. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడిగా చూపకుండా అందరికీ ఇచ్చే మినహాయింపు) తీసుకునేవాళ్ళకు ఈ 2024 ఏడాదికి దీనివల్ల పన్ను తగ్గదు, ఆ లెక్కతో మాత్రం ఆగిపోకండి.

ఇచ్చేముందు సంస్థ తొమ్మిదంకెల ఈఐఎన్ (పన్ను గుర్తింపు సంఖ్య) అడిగి, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ‘ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్’లో చూడండి. చర్చిలు ఆ జాబితాలో లేకపోవచ్చు, అవి దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసే గోఫండ్‌మీలో ఒక కుటుంబానికి ఇచ్చేది వ్యక్తిగత సాయం కిందకు వస్తుంది. ఆ కుటుంబం మీకు తెలిసినదైతే నిశ్చింతగా ఇవ్వండి.

మోరిస్‌విల్_కిరణ్ (అక్టోబర్ 7)
నాకు ఈ సలహా వారం ముందు దొరికితే బాగుండేది. వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన లింకు నమ్మి జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే యాప్) 100 డాలర్లు పంపాను. పేరు చూస్తే పెద్ద సంస్థలాగే ఉంది, ఒక్క పదం తేడా. మర్నాటికి ఆ పేజీ లేదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే మీరే పంపారు కదా, తిరిగి రాదన్నారు. అటార్నీ జనరల్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాను. డబ్బు పోయినందుకు కాదు, అది ఎవరికో అన్నం కావాల్సిన డబ్బు. క్రెడిట్ కార్డుతోనే, సంస్థ సొంత సైట్‌లోనే ఇవ్వండి. జెల్, గిఫ్ట్ కార్డులు అడిగితే వెంటనే ఆపేయండి.

ఆష్‌విల్_సుధ (అక్టోబర్ 9)
నిన్ననే సిగ్నల్ వచ్చింది, ఇప్పుడే ఇదంతా చదివాను. మేము క్షేమం. కుళాయిలో చుక్క నీరు లేదు. వాగు నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చి టాయిలెట్‌లో పోస్తున్నాం. పక్కింటి పెద్దాయన మెట్లెక్కలేరు, ఆయనవి మావారు మోస్తున్నారు.

ఇక్కడ మాన్నా ఫుడ్‌బ్యాంక్ గోదాము వరదలోనే పోయింది. అయినా వేరేచోట మళ్ళీ మొదలుపెట్టి పంచుతున్నారు. చిన్న సంస్థలకు కూడా చేరాలనుకుంటే కమ్యూనిటీ ఫౌండేషన్ ఆఫ్ వెస్టర్న్ నార్త్ కరోలినా ఉంది, అది స్థానిక సంస్థలకు గ్రాంట్లిస్తుంది. ఒక్క మాట, అంతా ఈ నెలలోనే ఇచ్చేయకండి.

ఆష్‌విల్_సుధ (నవంబర్ 18)
కుళాయి నీళ్ళు తాగొచ్చని ఈరోజు చెప్పారు. 53 రోజులు. గ్లాసు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. టీవీ వ్యాన్లు వెళ్ళిపోయాయి, చలి మొదలైంది. కొండల్లో చాలామందికి ఫ్లడ్ ఇన్సూరెన్స్ లేదు. ఇళ్ళు బాగుచేసే బాప్టిస్ట్స్ ఆన్ మిషన్, సమారిటన్స్ పర్స్ లాంటివాళ్ళకు ఇప్పుడే పని ఎక్కువ.

క్యారీ_వాణి (మార్చి 9, 2025)
అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే ఎవరికి వారం కట్టాం. సగం అక్టోబర్‌లో ఫుడ్‌బ్యాంక్‌కు, సగం ఫిబ్రవరిలో ఇళ్ళ మరమ్మతులకు. కంపెనీల మ్యాచింగ్‌తో మొత్తం 3,100 దాటింది.

నిన్న మేము ఐదుగురం ఒక బృందంతో స్వానానోవా వెళ్ళాం. మాకిచ్చిన ఇంట్లో గోడలకు కొత్త పలకలు బిగించే పని. గ్యారేజీ గోడ మీద నీటి గీత నా భుజం దాకా ఉంది, అది మాత్రం చెరపొద్దని ఆ ఇంటావిడ చెప్పింది. సామాన్లు కింద పెట్టకూడదని గుర్తుండాలట. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం, పొద్దున ఐదింటికి. కార్లో రెండు సీట్లున్నాయి. చేతి గ్లవ్స్, ఎన్95 మాస్కులు తెచ్చుకోండి, భోజనం నేను కట్టుకొస్తాను.